బెండకాయ కొనేప్పుడున్న తెలివి

తెలుగువాడు బెండకాయలు కొనే తీరు చూసి ఏ దేశపు పోలీసు శాఖైనా పాఠాలు నేర్చుకోవచ్చు. సింగపూర్‌లోని జురాంగ్ వెస్ట్‌లో బూన్ లే ప్లేస్ మార్కెట్ ఉంది. శనివారం పొద్దున్నే అక్కడ మనవాణ్ణి చూడండి. ఒక్కో బెండకాయ అందుకుని కొస ఫటుక్కున విరుస్తాడు. విరిగితే బుట్టలోకి, వంగితే అవతలికి. కొట్టు ఆంటీ చూపులతోనే చీవాట్లు పెడుతున్నా లెక్కచెయ్యడు. కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. అంతా అయ్యాక గుప్పెడు కరివేపాకు ఊరికే వెయ్యనందుకు అలుగుతాడు.

అదే మనిషి ఆ రాత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫోను మొహానికి అడ్డంగా పెట్టుకుని, మొహం తెలియని వాడికి, కంటితో చూడని లెన్సు కోసం తొమ్మిదివందల డాలర్లు పేనౌలో పంపేస్తాడు. పక్కన పడుకున్న ఇల్లాలు "ఎవరికండీ పంపించారు?" అంటే "నీకు తెలీదులే, సెల్లర్" అంటాడు. ఆయనకీ తెలీదు.

తొమ్మిదివందలకి ఏమొస్తుందయ్యా అంటే, సోనీవాడి 200-600 లెన్సు. కొత్తది రెండు వేల డాలర్లు దాటే సరుకు. పిట్టల ఫొటోలకని పుట్టిన లెన్సది. జురాంగ్‌లో ఉన్నవాడికి పిట్టల పిచ్చి పట్టడంలో ఆశ్చర్యం లేదు. 1971 జనవరి 3న ఇక్కడే జురాంగ్ బర్డ్ పార్క్ తెరిచారు. సరిగ్గా 52 ఏళ్లకి, 2023 జనవరి 3న మూసేసి పక్షులన్నిటినీ మండాయ్‌కి తరలించారు. పిట్టలు పోయాయి గానీ వల వేసేవాళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. ఇప్పుడు మనవాడు జురాంగ్ లేక్ గార్డెన్స్‌లో ఆదివారం పూట లకుముకిపిట్ట కోసం కాపు కాస్తుంటే, వాడి కోసం ఫోనులో ఇంకొకడు కాపు కాస్తున్నాడు.

బెండకాయ దగ్గరున్న తెలివి లెన్సు దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆవిరైపోతుంది? నాకు తోచిన జవాబు ఒకటే: సింగపూర్. ఇక్కడ ఫుడ్ కోర్టులో టిష్యూ పొట్లం బల్ల మీద పడేసి వెళితే ఆ కుర్చీలో ఎవడూ కూర్చోడు. ల్యాప్‌టాప్ వదిలేసి కాఫీ తెచ్చుకోవడానికి వెళతారు. ఇలా నాలుగేళ్లు బతికితే చాలు, మన ఊరి బస్టాండులో నేర్చుకున్న విద్యలన్నీ మరిచిపోతాం. ఇక్కడి పోలీసులు పాపం ఎప్పట్నుంచో గోడలకి అంటిస్తూనే ఉన్నారు, నేరాలు తక్కువంటే అసలు లేవని కాదు అని. మనం ఆ కాగితం పక్కనే నిలబడి ఫోను చూసుకుంటాం.

లెక్క చూస్తే గుండె ఆగుతుంది. ఇంత చిన్న దేశంలో 2024లో మోసగాళ్లకి జనం పోగొట్టుకున్న సొమ్ము 110 కోట్ల సింగపూర్ డాలర్లు. కేసులు 51 వేల పైచిలుకు. వాటిలో సంఖ్య రీత్యా మొదటి వరుసలో ఉన్నవి ఈ ఆన్‌లైన్ కొనుగోళ్ల మోసాలే. కోట్లు పోగొట్టుకునే పెద్దమనుషులు వేరే ఉన్నారు. వాళ్లది క్రిప్టో గోత్రం. వందల్లోనూ వేలల్లోనూ రాలిపోయేది మనలాంటి లెన్సు గోత్రీకులు.

సర్కారు చేతులు ముడుచుకుని కూర్చుందనడానికి వీల్లేదు. 2025 నవంబరులో పార్లమెంటు చట్టం సవరించి, మోసగాడికి బెత్తం దెబ్బలు తప్పనిసరి చేసింది. తక్కువలో తక్కువ ఆరు, గరిష్ఠంగా 24. చదవగానే మన ఒంట్లో కొత్త రక్తం పొంగుతుంది, ఎలిమెంటరీ స్కూలు మాస్టారు గుర్తొస్తారు. చిక్కల్లా బెత్తం పొడవుతోనే. కొట్టాలంటే వీపు సింగపూర్‌లో ఉండాలి కదా! ఆ వీపు ఏ కంబోడియాలోనో ఉంటుంది. ఇంకా చెప్పుకుంటే సిగ్గు, ఒక్కోసారి అది మనవాళ్ల వీపే. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి విమానమెక్కిన ఆంధ్ర కుర్రాళ్లు కంబోడియాలో మోసాల కంపెనీల చెరలో పడ్డారని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. పాస్‌పోర్టులు లాక్కుని, రోజుకింత మోసం చెయ్యాలని టార్గెట్లు పెట్టారు వాళ్లకి. ఆ సంగతి మాత్రం నవ్వులాటకి కాదు.

సరే, ఏ ఆన్‌లైన్ అంగడి ఎంత భద్రమో జనానికి తెలియాలని 2022 మేలో ప్రభుత్వం టిక్కులు వెయ్యడం మొదలుపెట్టింది. నాలుగు టిక్కులైతే ఉత్తమం. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌కి ఒకటి పడింది, కరోసెల్‌కి రెండు. కరోసెల్ అంటే 2012లో ఇక్కడి ముగ్గురు కుర్రాళ్లు పెట్టిన సంత. సింగపూర్‌లో ఇంట్లో మంచం నుంచి మనసులో బెంగ దాకా అన్నీ అందులోనే అమ్ముతారు. నాలుగుకి నాలుగు తెచ్చుకున్న ఫస్టు క్లాసు విద్యార్థుల్లో క్యూటెన్ ఒకటి. రెండేళ్లు తిరిగేసరికి అది తన దగ్గర సరుకమ్మిన వర్తకులకే డబ్బివ్వలేక చేతులెత్తేసింది. 2024 నవంబరులో కోర్టు దాన్ని మూసెయ్యమంది. టిక్కులు కొనేవాడి భద్రతకే గాని అమ్మేవాడి కడుపుకి కాదని అప్పుడు తెలిసింది. ఏతావాతా మనవాడు టిక్కులు లెక్కపెట్టడు. ధర పక్కన ఒక సున్నా తక్కువుందా లేదా అన్నదే చూస్తాడు.

ఇహ ప్రకటనల భాష. దానికొక నిఘంటువు రాయొచ్చు. 'మింట్ కండిషన్' అంటే తుడిచారు. 'డ్రై కేబినెట్‌లోనే ఉంచాం' అంటే ఈమధ్యే కొన్నారు. 'అప్‌గ్రేడ్ చేస్తున్నాను కాబట్టి అమ్ముతున్నాను' అంటే నిజమే కావచ్చు, ఈ ఒక్కదాన్నీ నమ్మండి, కెమెరా జబ్బు అలాంటిది. 'ఫాస్ట్ డీల్' అన్నచోట ఆగండి. 'ఇంకో ముగ్గురు అడుగుతున్నారు, బయానా పంపితే మీకే ఆపుతా' అన్నాడో, మీ వంతు వచ్చిందన్నమాట. 'ఇక్కడ వద్దు, వాట్సాప్‌లోకి రండి' అన్నాడంటే సంతలో కాపలావాడి కన్ను తప్పించి సందులోకి పిలుస్తున్నాడన్నమాట. జపాన్ నుంచి ఈబేలో అమ్మేవాళ్లది మరో తీరు. వాళ్ల దగ్గర ఎక్సలెంట్ పక్కన అయిదు ప్లస్సులు పెట్టినా అద్దంలో బూజు ఉండొచ్చు. పాపం వాళ్లు కింద చిన్న అక్షరాల్లో ఆ మాట రాస్తారు. మనమే ప్లస్సుల దగ్గర ఆగిపోతాం.

మన దేశంలో ఇదే నాటకానికి మిలటరీ దుస్తులేశారు. ఓఎల్ఎక్స్‌లో 'ఆర్మీలో పనిచేస్తున్నాను, బదిలీ అయింది, బుల్లెట్టు చవగ్గా ఇచ్చేస్తా' అనే జవాను హైదరాబాద్‌లో ఎంతమందికి కుచ్చుటోపీ పెట్టాడో సైబర్ క్రైమ్ పోలీసులనే అడగాలి. ఐడీ కార్డు ఫొటో పంపుతాడు, జైహింద్ అంటాడు. కాదన్నవాడు దేశద్రోహి. సింగపూర్‌లో దేశభక్తి పనిచెయ్యదు గనక ఇక్కడివాడు మర్యాదని నమ్ముకున్నాడు. ప్రతి మాట చివరా థాంక్యూ అంటాడు.

"ఇవన్నీ నాకు తెలుసులేవయ్యా, నేను మనిషిని కలిసి, వస్తువు చేత్తో పట్టుకుని చూస్తే గాని పైసా ఇవ్వను" అనే బుద్ధిమంతులు కొందరున్నారు. వాళ్ల కోసమే అసలు సిసలు శాస్త్రం తయారైంది. కొంచెం నిదానంగా చెబుతాను.

ఒకాయన తన లెన్సు నిజంగానే అమ్మకానికి పెట్టాడు, పద్దెనిమిది వందలకి. దొంగ ఆ ఫొటోలు ఎత్తుకుని, తన పేరుతో తొమ్మిదివందలకి పెట్టాడు. మనవాడు చిక్కాడు. "నేను ఊళ్లో లేనండీ, లెన్సు మా కజిన్ చూపిస్తాడు. అతనితో ధర ఎత్తకండి, ఇంట్లో గొడవలవుతాయి. నచ్చితే నాకే పేనౌ చెయ్యండి" అన్నాడు దొంగ. అటువైపు అసలు యజమానితో, "మా తమ్ముడొచ్చి చూసుకుంటాడు, వాడికిది పుట్టినరోజు కానుక, ధర మాత్రం చెప్పకండి, డబ్బు నేను పంపుతా" అన్నాడు. ఇద్దరికీ కబురు ఒకటే: బూన్ లే స్టేషన్ దగ్గర ఫలానా బ్లాకు కింద, సాయంత్రం ఏడింటికి.

ఇద్దరూ తెలుగువాళ్లే అయ్యారనుకోండి. జురాంగ్ వెస్ట్‌లో అదేమంత వింత కాదు.

"అయ్యో, తెలుగువారా? ఏ ఊరండీ మీది?"

"తణుకు దగ్గరండీ. మీది?"

"మాది నల్గొండండి. మా తోడల్లుడు తణుకులోనే చేస్తాడు, బ్యాంకులో."

ఇహ చూస్కోండి. అద్దె ఎంత, పీఆర్‌కి పెట్టారా, పిల్లలకి తెలుగు ఎక్కడ నేర్పిస్తున్నారు, ఉగాదికి తెలుగు సమాజం వాళ్ల కార్యక్రమానికి వచ్చారా, పెరుగు ఏది బావుంటుంది, ఎయిర్ ఇండియాలో లగేజీ ఎంత. జీతం దాకా కూడా వెళ్లిపోయారు, సభ్యతకి ఓ వెయ్యి పెంచి చెప్పుకున్నారు. ఒక్క లెన్సు ధర తప్ప లోకంలో ఉన్న అన్ని ధరలూ మాట్లాడుకున్నారు. ఇద్దరూ మాటిచ్చారు కదా! మనవాడు టార్చి వేసి అద్దం చూశాడు, ఫొటోలు తీశాడు, తృప్తిపడ్డాడు, ఫోన్లో డబ్బు నొక్కేశాడు.

"వెళ్లొస్తానండి మరి" అని లెన్సు సంచిలో పెట్టబోయాడు.

"ఆగండి, మీ అన్నయ్య ఇంకా డబ్బు పంపలేదు."

"మా అన్నయ్యేమిటండీ? మీ కజిన్‌కి ఇప్పుడే పంపానుగా?"

"నాకు కజిన్లెవరూ లేరండీ."

అరనిమిషం క్రితం చుట్టాలు కాబోయిన ఇద్దరూ ఒకళ్లనొకళ్లు దొంగని చూసినట్టు చూసుకున్నారు. "అండీ"లు ఎగిరిపోయాయి. లెన్సు యజమాని దగ్గరే ఉంది, తొమ్మిదివందలు మూడోవాడి ఖాతాలో దిగాయి. ఆ ఖాతా కూడా వాడిది కాదు, నాలుగు డాలర్ల కోసం ఎవడో అమాయకుడు అద్దెకిచ్చింది.

దీనికి మందు చాలా చిన్నది. ఎవడి చేతిలో వస్తువుందో వాడి నోటితోనే ధర చెప్పించండి, వాడి ఫోన్లోనే ఆ ప్రకటన తెరిపించండి, వాడి ఎదురుగా వాడి ఖాతాకే పంపండి. వస్తువు ఒకడిదీ ఖాతా ఇంకొకడిదీ అయితే, తోడల్లుడు తణుకులో ఉన్నా సరే, నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

వస్తువు నిజమే, మనిషీ నిజమే అయితే మోసం లేనట్టేనా అంటే, సరుకులోనే ఉండొచ్చు. సింగపూర్ గాలిలో చెమ్మకి లెన్సు లోపల బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. ముందునుంచి చూస్తే కనపడదు. వెనకనుంచి టార్చి వేసి, ఏటవాలుగా చూడాలి. మరచీలల తలలు గీసుకుపోయి ఉంటే ఎవడో ఇంట్లోనే విప్పాడని అర్థం. మీ మెమరీ కార్డు మీరే తీసుకెళ్లండి. ఎఫ్ 16 పెట్టి తెల్లగోడ ఫొటో తీస్తే సెన్సర్ మీది మచ్చలన్నీ బయటపడతాయి. షటర్ ఎన్నిసార్లు కొట్టిందన్న లెక్క నికాన్ ఫొటో ఫైల్లోనే దొరుకుతుంది, కానన్‌వి చాలావాటిలో దొరకదు. కాబట్టి 'అయిదు వేలే కొట్టాను' అనే కానన్ యజమాని మాట పెళ్లిచూపుల్లో వయసు చెప్పినంత నిజం. పెట్టె మీది నంబరూ ఒంటి మీది నంబరూ కలవకపోతే అది ఎవరి కెమెరానో ఆలోచించండి.

"ఏమైనా తేడా వస్తే ఇక్కడ చట్టాలున్నాయండీ" అనే ధీమా ఒకటుంది. ఉన్నాయి. 2012 సెప్టెంబరులో నాసిరకం వస్తువుల చట్టం వచ్చింది, లెమన్ లా అంటారు. అది వ్యాపారస్తుల మీదే చెల్లుతుంది, బ్లాకు కింద నిలబడి పాత లెన్సు అమ్మిన సాటి మనిషి మీద చెల్లదు. ఇరవై వేల డాలర్ల దాకా తగాదాలు తీర్చే చిన్న కోర్టు కూడా ఉంది. అక్కడ ప్రతివాది పేరూ చిరునామా రాయమంటారు. పేరు దగ్గర పావురం బొమ్మ, చిరునామా దగ్గర టెలిగ్రామ్ అని రాస్తే గుమాస్తా మీ వంక జాలిగా చూస్తాడు.

అంత తలనొప్పి ఎందుకనుకుంటే సిటీ హాల్ దగ్గర పెనిన్సులా షాపింగ్ సెంటర్లో పాత కెమెరాల దుకాణాలున్నాయి. ధర నాలుగు రాళ్లు ఎక్కువ, కాని రేపు పొద్దున వెళితే దుకాణం అక్కడే ఉంటుంది. మనవాడికి ఈ సలహా నచ్చదు. దుకాణంలో కొంటే అది కొనడమే అవుతుంది, 'కొట్టేశాను' అని స్నేహితులకి చెప్పుకోవడానికి ఉండదు.

ఇంత చెప్పినా సంతలోనే కొంటానంటే కలుసుకునే చోటు ఒకటి చెబుతాను. జురాంగ్ పోలీసు డివిజన్ ప్రధాన కార్యాలయం ఎక్కడో లేదు, జురాంగ్ వెస్ట్ అవెన్యూ 5లోనే ఉంది. అమ్మేవాడికి "దాని గేటు ముందు కలుద్దామండీ" అని ఒక్క మెసేజ్ పెట్టండి. నిజమైనవాడు వస్తాడు. కానివాడికి ఆ నిమిషంలోనే విదేశీ ప్రయాణం తగులుతుంది. డబ్బు నొక్కేముందు ఏ కాస్త అనుమానం వచ్చినా మోసాల హెల్ప్‌లైన్ 1799కి ఫోన్ చేసి అడగండి, రాత్రైనా పలుకుతారు. నొక్కేశాక తెలిస్తే ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లక కూర్చోకండి, ముందు బ్యాంకుకి, వెంటనే పోలీసులకి చెప్పండి. మన దేశంలో ఉన్న మీ తమ్ముడికి ఇలాంటిది జరిగితే అక్కడి నంబరు 1930.