మూడో వరుస మ్యాటు

నేను కబడ్డీ మ్యాటు ముక్కని. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, నాలుగు పక్కలా పళ్లు. నా పళ్లు పక్కదాని పళ్లలో ఇరికిస్తూ పోతే 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున మగవాళ్ల కోర్టు తయారవుతుంది. సూర్యాపేటలో నేనుండే క్లబ్బులో నా చోటు ఎండ్ లైన్ నుంచి లోపలికి మూడో వరుస. అదేమంత గొప్ప చోటని అనుకునేరు. మధ్య గీతకు 3.75 మీటర్ల దూరాన ఉండే బాక్ లైన్ నా ఒంటి మీదుగానే పోతుంది. కూతకొచ్చినవాడు ఎవర్నీ తాకకుండా, ఆ గీతా దాటకుండా వెనక్కి మళ్లాడంటే ఔటే. అందుకే ముఖాలు పెద్దగా గుర్తుండవు గానీ, ఎవడి గుండె ఎంతటిదో అరికాలు మోపగానే చెప్పగలను.

పెద్ద పోటీలు కూడా చూశాను. 2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జూనియర్ జాతీయ కబడ్డీ పోటీలు. ఇక ఆట మొదలవడమే తరువాయి అనుకుంటుండగా జనం ఎక్కిన గ్యాలరీ కూలింది. వందమందికి పైగా దెబ్బలు తగిలాయి. కబడ్డీకి అంతమంది జనం వచ్చిన రోజని క్లబ్బులో ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆ వెంటనే ఇంకొకరు మాట మారుస్తారు.

సరే, ఆ కుర్రాడి సంగతి చెబుతాను. మిర్యాలగూడ పక్క పల్లె. తండ్రి రైస్ మిల్లులో హమాలీ. డిగ్రీకని సూర్యాపేట వచ్చి హాస్టల్లో చేరాడు, చేరిన వారానికే మా క్లబ్బు గేటు ముందు నిలబడ్డాడు. 2016 అక్టోబరు దాకా అయితే మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట అన్నీ నల్లగొండ జిల్లానే. ఇప్పుడు మిర్యాలగూడ నల్లగొండలోనే, మిగతా రెండూ కొత్త సూర్యాపేట జిల్లాలో. మొన్నటిదాకా ఒకే జట్టులో భుజాలు కలిపినవాళ్లు ఇవాళ రాష్ట్ర పోటీల్లో ఎదురెదురు. అందుకే అతని ఊరు పేరు వినగానే మావాళ్లలో ఇద్దరు ముగ్గురు ముఖాలు చూసుకున్నారు.

“బూట్లు ఏడియి తమ్మీ?” అనడిగాడు మా కెప్టెన్.

“మా అన్నయే, అన్నా.”

ఒక సైజు పెద్దవి. ముందు గుడ్డ కుక్కుకున్నాడు. నడుస్తుంటేనే నాకు తెలిసిపోయింది.

కొత్తవాడికి ముందిచ్చే పని కూత కాదు, మమ్మల్ని పరవడం. పళ్ల మధ్య ఇసుక ఉండిపోతే అతుకు లేస్తుంది, లేచిన అతుక్కు కాలి వేలు తగిలిందంటే ఆ సీజనంతా ఇంట్లోనే. అతను మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క పన్నూ చీపురుపుల్లతో గోకి, పిడికిలితో గుద్ది కూర్చేవాడు. ఆట మధ్యలో చెమట పడితే పాత లుంగీ గుడ్డతో తుడిచేవాడు. ఎవరూ చెప్పకుండానే చేశాడని కాదు, చెప్పారు. కానీ సీనియర్లు చేసేటప్పుడు మాకు పడే గుద్దులు వేరు, అతని గుద్దులు వేరు.

ఇక ఆట. మట్టి మీద పెరిగిన కాళ్లు అతనివి. నీళ్లు చల్లి, చదును చేసి, సున్నం గీతలు పోసిన నేల మీద కాలు కాస్త జారుతుంది. ఆ జారుడునే అతను విద్యగా మార్చుకున్నాడు. కూత పెడుతూ ఎడమ కాలు ఈడ్చి, కార్నర్‌వాడి వేలిని వేలితో తాకి, అదే జారుడులో వెనక్కి వచ్చేవాడట. నా మీద అది చెల్లదు. నాకు రబ్బరు అడుగు దొరికితే వదలను. ఒళ్లు ముందుకు పోతుంది, పాదం నా దగ్గరే ఆగుతుంది, ఆ మధ్యలో నలిగేది మోకాలు. మొదటి సాయంత్రం అదే జరిగింది. కాలు ఈడ్చాడు, ఆగిపోయింది, ఎడమ కార్నర్ మడమ దొరకబుచ్చుకున్నాడు. రెండోసారి భయపడి, బాక్ లైన్ తెల్ల పట్టీకి ఇవతలే రెండు వేళ్ల దూరంలో ఆగి వెనక్కి తిరిగాడు. మట్టి మీదైతే అప్పటికి సున్నం చెదిరి గీత ఎక్కడుందో అంపైర్‌తో వాదించొచ్చు. ఇక్కడ వాదనకు చోటేదీ?

“నేలనుకుంటున్నవారా? మడమ మోపకు. మునివేళ్ల మీదుండు, చిన్న చిన్న అడుగులెయ్,” అన్నారు మా కోచ్ సార్. ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. పాదం మారడానికి చాలా కాలమే పట్టింది.

ఈలోగా క్లబ్బులో కొందరు మంచి రైడర్ దొరికాడని సంబరపడ్డారు. నాకు నవ్వొచ్చింది. తెలుగు టైటాన్స్ 2023లో రైడర్ పవన్ సెహ్రావత్‌కు 2.60 కోట్లకు పైగా పోసింది, అప్పటికి ప్రొ కబడ్డీలో అదే రికార్డు. ఆ సీజన్లో జట్టు పట్టికలో అట్టడుగునే ఉంది. కూతకెళ్లేది ఒక్కడే అయినా, తిరిగొచ్చేసరికి కోర్టు నిలబెట్టేది మిగతా ఆరుగురు. ప్రాక్టీసు తర్వాత కుర్రాళ్లు నా మీదే చతికిలబడి ఫోన్లో రగ్బీ కూడా చూస్తుంటారు. వేల్స్‌లో ఊరి క్లబ్బులో ఎదిగిన పిల్లవాణ్ని కార్డిఫ్, స్కార్లెట్స్ లాంటి పెద్ద జట్టు తీసుకుంటే ఒప్పందమూ జీతమూ ఉంటాయట. ఇక్కడ కొత్త క్లబ్బు ఇచ్చేది ఒక బనియను, పొద్దున రెండు గుడ్లు. పడేయడంలో మాత్రం మావాళ్లు వాళ్లకేం తీసిపోరు. అదీ బంతి లేకుండా.

సంక్రాంతికి కోదాడ దగ్గర రాత్రి పోటీలు. మమ్మల్ని ట్రాలీ ఆటోలో కట్టి తీసుకుపోయారు. రెండో మ్యాచ్ ఎవరితో అనుకున్నారు? అతని ఊరి జట్టుతోనే. సగంమంది ఉత్త కాళ్లు. ఎడమ కార్నర్‌లో నిలబడ్డ పాత కెప్టెన్, అతనికి కూత నేర్పినవాడే. మొదటి కూతలో కుర్రాడికి పాత అలవాటు తన్నుకొచ్చి ఎడమ కాలు ఈడ్చాడు. కెప్టెన్ దానికోసమే కాచుకున్నాడు. మడమ పట్టి, “మా పిల్లగాడే!” అని జనం వైపు తిరిగి అరిచాడు. తర్వాత అతనికి వచ్చింది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే ఔటయ్యే కూత. ఈసారి మునివేళ్లే. చిన్న అడుగులు, గీత దాటాడు, ఎడమ వైపు కళ్లు పోనిచ్చి కుడి కవర్ మోచేతిని తాకి, మధ్య గీత అందుకున్నాడు. ఒక్క పాయింటు. గెలిచింది మా క్లబ్బే, అయితే అది మా కార్నర్ల పుణ్యం.

మ్యాచ్ అయ్యాక పాత కెప్టెన్ నా మీదే నిలబడి అడిగాడు, “వచ్చే సంక్రాంతికి మనూరికి ఆడతవా?”

“సార్‌నడగాలన్నా.”

“అడుగుడేందిరా? ఊరు నీది గాదా?”

కుర్రాడు ఏదో అనబోయాడు. ట్రాలీ డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయడంలేదు. ఇద్దరూ కలిసే నా పళ్లు ఊడబీకారు.