మా బావగారి బాలమేధావి

అమెరికాలోని అల్ఫారెట్టాలో తెలుగువాళ్ళింట పుట్టిన పిల్లాడు ఎన్నాళ్ళని మామూలు పిల్లాడిగా ఉండగలడు? మా మేనల్లుడు మూడేళ్ళ దాకా నెగ్గుకొచ్చాడు. ఓ ఆదివారం కారు వెనకసీట్లో కూచుని "టెన్" అన్నాడు. కాసేపాగి "లెవెన్" అన్నాడు. జీఏ 400 హైవే మీద ఓల్డ్ మిల్టన్, విండ్‌వర్డ్ పార్క్‌వేల ఎగ్జిట్ నంబర్లవి. బావగారు ఇల్లు చేరకుండానే గుంటూరుకి ఫోను కొట్టేశారు.

ఆయన కొడుకుని పొగడరు. ఆ తప్పు జన్మలో చెయ్యరు. వాడి మీద ఫిర్యాదు చేస్తారు. "వీడితో పడలేకపోతున్నామండీ, పుస్తకం లాక్కుంటే ఏడుస్తాడు." "క్లాసులో బోర్ కొడుతోందట, టీచరుకి ఏం చెప్పమంటారు?" పాట్‌లక్‌లో పులిహోర గిన్నె మూత ఇంకా తియ్యలేదు, ఈ బాధ మొదలవుతుంది. పాపం, ఎదుటివాళ్ళకి అంతకు మించిన బాధలుంటాయి. వాళ్ళమ్మాయి చెస్ బోర్డు దగ్గర్నుంచి అన్నానికి లేవదు.

స్పెల్లింగ్ బీ చరిత్ర ఆయనకి గోత్రప్రవరలా నోటికొచ్చు. 1985లో గెలిచిన బాలు నటరాజన్. 1989లో మన చిట్టూరి రత్నం గారు పెట్టిన, పిల్లలకి ఇలాంటి పోటీలు జరిపే నార్త్ సౌత్ ఫౌండేషన్. 2024లో బృహత్ సోమ, తొంభై సెకన్లలో 29 మాటలు. చివర్లో ఓ ఖాళీ వదిలి కొడుకు వంక చూస్తారు.

వాడిది పుట్టుకతో వచ్చిన తెలివి. అందుకని కాగాట్ అనే మేధ పరీక్షకి ప్రాక్టీసు పుస్తకాలు మూడు రకాలు కొన్నారు. జార్జియాలో గిఫ్టెడ్ అనిపించుకునే దారుల్లో ఒకదానికి రెండో తరగతి దాకా మేధ పరీక్షలో 99వ పర్సెంటైల్ రావాలి, మూడు నుంచి 96 చాలు. "మూడు దాకా ఆగొచ్చుగా బావా" అన్నాను. "నలుగుర్లో తలెత్తుకోవాలా వద్దా?" అన్నారు.

అయినా ఆయన మీద కోపం నిలవదు. ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదింటికొచ్చి, షూ విప్పకుండా, వాడితో నేల మీద బోర్లా పడుకుని త్రికోణాలు తిప్పే మనిషి. మా నాన్న నా లెక్కల పుస్తకం ఏ రంగో కూడా ఎరగడు.

వాడు మాత్రం ఎవరూ నేర్పని విద్య ఒకటి నేర్చాడు. మొన్న అక్క వాళ్ళింటికి వెళితే, టీవీ రిమోటు చెవి దగ్గర పెట్టుకుని, చొక్కా కింద బొజ్జ ముందుకు తోసి అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. "అబ్బే, మేం ఏమీ నేర్పలేదండీ... అదంతట అదే వచ్చేస్తోంది... వీడితో ఏం చెయ్యాలో తెలీట్లేదండీ!" ఆ నిట్టూర్పు, గొంతు సవరింపు, మధ్యలో కళ్ళజోడు పైకి తోసుకోవడం, అన్నీ దిగిపోయాయి. అక్క వంటింట్లోకి పరిగెత్తింది నవ్వాపుకోలేక. నేను బావగారి మొహం చూడలేక కార్పెట్ చూస్తున్నాను.

ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశావుటోయ్, ఎంత అబ్జర్వేషనో!" అంటూ నా చేతిలో ఫోను పెట్టారు, దగ్గర్లో యాక్టింగ్ క్లాసులు ఎక్కడున్నాయో వెతకమని.

వెతికాను. దొరికిన లింకు మా ఆవిడక్కూడా పంపాను.