జాబితా కొంచెం లావుగానే ఉండనివ్వండి

ఓటర్ల జాబితా సాఫుగా ఉండాలని అందరూ అంటారు. నా సలహా దానికి ఎదురు. చచ్చిపోయినవాళ్ల పేర్లు నాలుగు మిగిలితే మిగలనివ్వండి, బతికున్నవాళ్లది ఒక్క పేరు కూడా పోవద్దు. హుజూర్‌నగర్ చుట్టుపక్కల బీఎల్‌ఓ డ్యూటీ పడ్డ అంగన్‌వాడీ టీచరమ్మలకు, పార్టీల బూత్ ఏజెంట్లకు మరీమరీ చెప్తున్నాను.

రెండు జాబితాలు ముందేసుకుని పేరుకు పేరు జతకట్టే పని అసలే పెట్టుకోకండి. రేషన్‌కార్డులతోనైనా, ఆధార్‌తోనైనా మా దిక్కు అది కుదరదు. పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. అక్కడ మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు హిందువులు కూడా సైదులు, సైదమ్మ అని పేరు పెడతారు. 2019 ఉప ఎన్నికలో ఇక్కడ గెలిచిన సైదిరెడ్డి పేరూ ఆ కోవలోదే. ఇంటిపేరూ తండ్రిపేరూ కలిసే సైదులు ఇద్దరుంటే కంప్యూటర్‌కు వాళ్లు ఒక్కడే. పుట్టిన తేదీ చూద్దామంటే, అది బడిలో చేర్చుకున్న సారు అందాజాగా రాసింది. ఇంటి నంబరు చూద్దామంటే, అన్నదమ్ములు వేరుపడ్డాక 2-31 కాస్తా 2-31/ఏ అయింది, తమ్ముడి కార్డు మీద మాత్రం ఇంకా పాతదే.

ఇది పల్లెటూరి గోల అనుకోకండి. మా చెల్లెలి కొడుకు డాలస్ దగ్గర ఉంటాడు. గ్రీన్‌కార్డు మీద ఉన్నప్పుడు కోర్టులో జ్యూరీకి రమ్మని కాగితం వచ్చింది. టెక్సాస్‌లో ఆ పిలుపుకు పేర్లు ఓటర్ల జాబితాతో పాటు డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచీ తీస్తారు. వీడు ‘పౌరుణ్ని కాను’ అని రాసి పంపాడు. అట్లా రాసినవాళ్ల పేర్లు కోర్టు నుంచి ఓటర్ల నమోదు అధికారికి పోతాయి, అక్కడి చట్టమే అంత. ఆ రోజుకు వాడు రాసింది నిజం. తర్వాత ప్రమాణం చేసి పౌరుడయ్యాడు, ఓటూ రాయించుకున్నాడు. పాత కాగితానికి ఆ సంగతి ఎవరు చెప్తారు?

2019 జనవరిలో అదే రాష్ట్రం లైసెన్సుల రికార్డును ఓటర్ల జాబితాతో పోల్చి, పౌరులు కారేమోనని దాదాపు 95,000 పేర్లు బయటపెట్టింది. లైసెన్సు తీసుకున్నాక పౌరులైనవాళ్లు అందులో వేలమంది ఉన్నారని కొద్దిరోజుల్లోనే తేలింది. కోర్టుకెక్కారు. ఏప్రిల్‌లో రాజీపడి రాష్ట్రం ఆ లెక్క వెనక్కి తీసుకుంది. అందుకే, ఇంకో ఆఫీసు కాగితం చేతికొస్తే దాన్ని పట్టుకుని వాళ్లింటికి పోయి అడగండి. కాగితాన్ని చూసి పేరు కొట్టేయకండి.

తాళం చూసి ‘ఊరిడిచి పోయారు’ అని రాయడం ఇంకో పాపం. నాట్లప్పుడు పొద్దున పదింటికి పోతే సాగర్ ఎడమ కాలువ కింద ఏ ఇంటికైనా తాళమే ఉంటుంది. పొద్దుగూకినంక పోండి. ఏడాదిలో నాలుగు నెలలు హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయినవాడు ఊరివాడు కాకుండా పోడు. కొన్నాళ్లు లేనంత మాత్రాన నివాసం పోదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెప్తోంది.

పేరు తీసేయమని ఇచ్చే ఫారం-7లు కట్టలు కట్టి తెచ్చేవాళ్లను గుమ్మంలోనే ఆపండి. ఊరిడిచాడనో, అర్హత లేదనో పేరు తీసే ముందు ఆ మనిషి మాట వినాలి, అది అదే చట్టంలో 22వ సెక్షన్. అబద్ధం రాసి సంతకం పెడితే ఏడాది దాకా జైలు, అది 31వ సెక్షన్. ఈ రెండూ వాళ్లకు చదివి వినిపించండి. 2018 డిసెంబరు 7 అసెంబ్లీ పోలింగ్ నాడు కార్డు చేతిలో పట్టుకుని, జాబితాలో పేరు లేక బూత్ నుంచి వెనక్కి తిరిగినవాళ్లు మన రాష్ట్రంలో ఎందరో. ముఖ్య ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. దాంతో ఆ రోజు ఓటు తిరిగి రాలేదు కదా.

మరి చచ్చిపోయినవాళ్ల పేర్లో? ముసాయిదా జాబితాను గ్రామసభలో గట్టిగా చదవండి, తొందరపడకుండా, ఇంటిపేరుతో సహా. మా పంచాయతీ దగ్గర ఒకసారి అట్లనే చదువుతుంటే వేపచెట్టు కింద కూర్చున్న అవ్వ లేచింది. “ఆగు బిడ్డా, కాలం చేసింది కట్టకింది సైదులు. నువ్వు చదివేటోడు మా మనవడు, మిల్లుకు పోయిండు, మాపటికి వస్తడు” అంది. టీచరమ్మ గీసిన గీతను అక్కడే తుడిచి, పక్క పేజీలో ఇంకో సైదులు కోసం వెతకడం మొదలుపెట్టింది.