జీరో డీబీ మహావాక్యానికి టీకా తాత్పర్యం

మూలం (గ్రాఫిక్స్ కార్డు డబ్బా మీది వాక్యం): "ఉగ్ర ప్రతాపం, పరమ శీతలం, జీరో డీబీ నిశ్శబ్దం."

అవతారిక: పడగ్గదిలో ఓ మూల కంప్యూటర్ పెట్టుకున్న గృహస్థు ఒకడు, పరిమిత ధనుడై, చప్పుడు చేయని కార్డు కావాలని దుకాణదారుని వేడగా, ఆయన ఫోన్ నుంచి తల ఎత్తకుండానే వేలితో ఈ వాక్యాన్ని చూపెను.

టీక: ఉగ్ర, ప్రతాప, పరమ: స్పష్టము. శీతలం: మే నెలలో చూసుకుందాం. జీరో డీబీ: ఇచ్చట విచారణ కలదు.

సున్నా డెసిబెల్ అంటే శబ్దం లేకపోవడం కాదు, మామూలు చెవికి ఆనగల అతి సన్నని శబ్దానికి పెట్టుకున్న గుర్తు. డబ్బావారి భావం అదీ కాదు. చిప్ వేడి యాభై అరవై డిగ్రీలు దాటేవరకు ఫ్యాన్లు తిరగవని మాత్రమే. కనుక ఇది అభావ విచారణ. తన తర్కసంగ్రహానికి తానే దీపిక అనే టీక రాసుకున్న నైయాయికుడు అన్నంభట్టు అభావాన్ని నాలుగు విధాలన్నాడు.

మొదటిది ప్రాగభావం. ఫ్యాన్ మొదలుకాక ముందటి నిశ్శబ్దం. దీనికి ఆది లేదు, అంతం ఉంది. పిల్లవాడు ఆట తెరిచిన కాసేపటికి ఆ అంతం పక్కగదికి వినబడుతుంది. రెండోది ప్రధ్వంసాభావం. బేరింగ్ అరిగి ఫ్యాన్ ఆగిపోయాక వచ్చే నిశ్శబ్దం. ఆది ఉంది, అంతం లేదు, వారంటీ కూడా లేదు. మూడోది అత్యంతాభావం, మూడు కాలాల్లోనూ లేకపోవడం. అసలు ఫ్యానే లేని కార్డుకిది లక్షణం. పాలిట్ వారి కామ్ఎక్స్ రకం ఆర్‌టీఎక్స్ 3050 (6 జీబీ) అటువంటిది. మన దుకాణదారు ఆ పేరే వినలేదు. నాలుగోది అన్యోన్యాభావం, ఇది అది కాదనడం. "ఆ మోత కార్డుది కాదు సార్, క్యాబినెట్‌ది" అని కార్డు అమ్మినవాడు. "మాది కాదు, ఎస్ఎంపీఎస్‌ది (పవర్ సప్లైది)" అని క్యాబినెట్ అమ్మినవాడు.

ఇంకొక సూక్ష్మం. నేలమీద కుండ లేదనాలన్నా నైయాయికుడు రెండు చెప్పి తీరతాడు. ఏది లేదో అది ప్రతియోగి, ఎక్కడ లేదో అది అధికరణం. కుండ సంగతికే అంత పట్టింపు. వేలకు వేలు పోసి కొనే వస్తువు మీద ఎంత దూరం నుంచి విన్నారో, ఎంత వేడి గదిలో, ఎంత లోడు మీద విన్నారో ఒక్క ముక్క ఉండదు! ఏసీ గదిలో పరీక్షించిన నిశ్శబ్దాన్ని 38 డిగ్రీల గదికి అమ్ముతారు. అక్కడ ఫ్యాన్ ఆ యాభై అరవై డిగ్రీల గీత దగ్గరే ఊగిసలాడుతుంది. ర్ర్‌మని లేస్తుంది, ఆగుతుంది, కునుకు పట్టేలోగా మళ్లీ లేస్తుంది. ఏకధాటి మోతే నయం, చెవి అలవాటు పడుతుంది.

పూర్వులు ఇంతకంటే నిజాయితీపరులు. 2003లో ఎన్విడియా జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా మోతను జనం దుమ్ము పీల్చే యంత్రంతో పోల్చి వెక్కిరిస్తే, ఆ కంపెనీవాళ్లే తమ మీద తాము హాస్య వీడియో తీసుకున్నారు.

తాత్పర్యం: మోతకు మూలం వేడి, వేడికి మూలం వాట్లు. మదర్‌బోర్డు స్లాట్ 75 వాట్ల దాకా ఇస్తుంది. వేరే పవర్ కేబుల్ అడగని కార్డు అంతలోనే బతుకుతుంది. పైన చెప్పిన 3050కి 70 చాలు. ఒకే చిప్‌తో ఒంటి చిన్న ఫ్యాన్ కార్డూ, రెండు పెద్ద ఫ్యాన్ల కార్డూ ఉంటే, ధర కాస్త ఎక్కువైనా రెండోదే తీసుకోవాలి. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా గాలి సరిపోతుంది. రంగుల లైట్లకు పైసా ఇవ్వనక్కర లేదు. ఆటలో ఫ్రేములను 60కి కట్టేయడం ఉచితం, సగం మోత అక్కడే తగ్గవచ్చు.

కంపెనీలవారికి మనవి: ఒక మీటరు దూరంలో, 35 డిగ్రీల గదిలో, పూర్తి లోడు మీద ఎన్ని డెసిబెళ్లో డబ్బా మీద అచ్చు వేయండి. విశేషణాలు మేం చేర్చుకుంటాం.