కంచన్‌బాగ్‌లో రహస్యం లేని యంత్రం

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో కాపురం పెట్టినవాడు ముందుగా నేర్చుకోవాల్సిన మర్యాద ఒకటుంది. పక్కింటాయన్ని "ఆఫీసులో తమరేం చేస్తారండీ?" అని అడగకూడదు. అడిగితే "డీఆర్‌డీఓ" అంటాడు. "అందులో ఏం పని?" అంటే "ఎండలు ముదిరాయి కదూ" అంటాడు. ఆయన తప్పేం లేదు, వీధి స్వభావమే అంత. 1962లో క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్ హైదరాబాద్ చేరింది. మరుసటేడు లోహాల ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్, 1970లో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రలోహాలు చేసే మిధాని వచ్చాయి. క్షిపణిని ఊహించేవాళ్లు, దానికి లోహం పోతపోసేవాళ్లు, దాన్ని తయారుచేసి అప్పగించేవాళ్లు అందరూ ఇరుగుపొరుగయ్యారు. 1983లో మొదలైన క్షిపణుల కార్యక్రమంలోని పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ పేర్లు దేశమంతటికీ తెలుసు. వాటిలో పక్కింటాయన బిగించిన బోల్టేదో మాత్రం ఆయన భార్యకి కూడా తెలియదు.

నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. నా దగ్గరా రహస్యాలుండేవి గానీ అవన్నీ ఇతరుల అప్పులు. వాటిని దాచడానికి నేను పడ్డ అవస్థ వాళ్లు కూడా పడి ఉండరు. క్షిపణి సంగతి అడిగేవాడు ఎప్పుడో గానీ తగలడు, ఎదురింటివాడి అప్పు సంగతి అడిగేవాళ్లు రోజూ తగులుతారు.

ఇలాంటి వీధిలోకి ఒక ట్రాక్టర్ వచ్చింది. శ్రీశైలం రోడ్డు పక్కన మా మామగారికున్న పొలం వెంచర్లవాళ్ల పాలైంది. మడులు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు చెక్కులయ్యాయి, చెక్కులు బావమరుదులు పంచుకున్నారు. అల్లుడి వాటాకి ట్రాక్టర్ మిగిలింది. నా పెళ్లి నాటికే అది పాతది. ఏ కంపెనీదో చెప్పను, ఇన్నేళ్లు కంచన్‌బాగ్‌లో ఉన్న అలవాటు. మా ఇంటి పక్క ఖాళీ జాగాలో దాన్ని నిలబెట్టాం. కల్వకుర్తి వైపు నుంచి ఒక రైతు వచ్చి చుట్టూ తిరిగి చూసి, "లిఫ్టు లేస్తే తీస్కుంట సార్. లేవకుంటే పాత ఇనుమే గదా" అని తేల్చేసి పోయాడు.

లిఫ్టు, అంటే వెనక నాగలిని ఎత్తి దించే ఏర్పాటు, లేవడం లేదు. అసలు లేవకపోయినా అదొక దారి. లివర్ పైకి లాగితే వెనకనున్న రెండు చేతులూ మూలుగుతూ సగందాకా లేచి, అక్కడ వణుకుతూ ఆగేవి. ఇంజన్ ఆపగానే మెల్లగా కిందికి జారి నేల మీద వాలేవి.

ఈ లిఫ్టుకి మూలపురుషుడు హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండ్ ఆసామి. ఆయనా మొదట ఆకాశం మనిషే. 1909 డిసెంబరు 31న తాను తయారుచేసుకున్న విమానంలో తానే ఎగిరి, ఐర్లండ్‌లో ఆ పని చేసిన మొదటివాడనిపించుకున్నాడు. తర్వాత నాగలి వైపు దిగాడు. అప్పటి ట్రాక్టర్లు నాగలిని వెనకాల తగిలించుకుని ఈడ్చుకుపోయేవి. నాగలి ఏ బండరాయికో చిక్కుకుంటే బండి ముందు చక్రాలు లేచి, వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడేది. ఫెర్గూసన్ నాగలిని మూడుచోట్ల, కింద రెండు చేతులతో పైన ఒక కడ్డీతో, బండికే కలిపేశాడు. నేల గట్టిదై నాగలి మొరాయిస్తే పై కడ్డీ ముందుకు నొక్కుతుంది. ఆ నొక్కు హైడ్రాలిక్ వాల్వుకి అందుతుంది. అది నాగలిని తనంతట తానే కాస్త పైకెత్తుతుంది. 1938లో ఆయనకీ హెన్రీ ఫోర్డ్‌కీ పొత్తు కుదిరింది. కాగితం లేదు, సంతకం లేదు, వట్టి కరచాలనం. బ్యాంకు మనిషిని గనక ఇక్కడ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఫోర్డ్ మనవడి హయాంలో ఆ పొత్తు పుటుక్కుమంది. వ్యవహారం కోర్టుకెక్కి 1952లో 92.5 లక్షల డాలర్ల దగ్గర తెమిలింది. చేతులు కలిపింది నిమిషంలో, విడదీయడానికి లాయర్లకి ఏళ్లు పట్టింది. ఇవాళ మన పల్లెల్లో ఏ ట్రాక్టర్ వెనక చూసినా మాత్రం ఆ మూడు బిగింపులే.

చాంద్రాయణగుట్ట నుంచి ఒక మిస్త్రీని పిలిపించాను. ఆయన పానాలు పరిచేలోపే గోడ మీదుగా ఒక తల కనిపించింది. ఆయన్ని లోహాలాయన అందాం. "అలసట అండీ ఇది. మనిషికే కాదు, లోహానికీ అలసట ఉంటుంది" అంటూ లోపలికొచ్చి కుర్చీ అడిగాడు. ఆయన గొంతు విని వాల్వులాయన వచ్చాడు. వాల్వులాయన వచ్చాడని తెలిసి క్వాలిటీ సార్ వచ్చాడు. ముగ్గురు చేరాక ఏదో కొనుగోలు జరుగుతుందని పసిగట్టి స్టోర్సు సార్ వచ్చాడు. అందరూ రిటైరైనవాళ్లే.

నాకు అసలు సంగతి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. వాళ్లు నా ట్రాక్టర్ మీద జాలితో రాలేదు. ఉద్యోగమంతా నోరు కట్టుకుని యంత్రాలతో బతికినవాళ్లు వాళ్లు. పంపులు, వాల్వులు, సీళ్లు, లీకులు అన్నీ తెలుసు, ఒక్కటీ బయట అనడానికి లేదు. నొక్కితే నలగని నూనె ఒకచోట తోస్తే ఇంకోచోట నెడుతుందన్న పాస్కల్ సూత్రం ప్రహరీగోడకి అటూ ఇటూ ఒకటే. అటువైపు దాని గురించి మాట్లాడితే విచారణ, ఇటువైపు మాట్లాడితే చాయ్. అన్నేళ్ల మాటలన్నీ నా ట్రాక్టర్ మీద ఒక్కసారిగా కురిశాయి. లోహాలాయన భార్య ఆయన్ని పిలుచుకెళ్లడానికి వచ్చి గేటు దగ్గరే నిలబడిపోయి, "మా ఆయనకి ఇన్ని మాటలొచ్చని ఇవాళే తెలిసింది వదినా" అంది మా ఆవిడతో.

మిస్త్రీ ఒక రేకు డబ్బా బోర్లించి కూర్చుని బీడీ ముట్టించాడు. "ఆప్ లోగ్ బాత్ కరో సాబ్. మేరా దిన్ తో చాలూ హై" అన్నాడు. ఆయనది దినం కూలి.

క్వాలిటీ సార్ నా మనవడి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి గీతలు కొట్టాడు. లక్షణం ఏది, ఎప్పుడు, ఎంత బరువు మీద? అది రాయనిదే ఎవరూ కారణం చెప్పకూడదని ఆంక్ష పెట్టాడు. నిజానికి పని ముందుకు నడిపింది ఆ కాగితమే. మూలుగుతూ లేవడం పంపుకి నూనె సరిగా అందకపోవడం. ఆపగానే జారడం నూనె ఎక్కడో తప్పించుకుపోవడం. రెండు లక్షణాలు, రెండు రోగాలు. రెంటినీ కలిపి ఒకటే అనుకుంటే పంపు మార్చాలంటారు, పంపు మార్చినా జారుడు పోదు.

మొదటిది ముందు చూశారు. మిస్త్రీ డిప్‌స్టిక్ బయటికి లాగి ఎండకి చూపించాడు. నూనె ఇరానీ చాయ్ రంగులో ఉంది. ఈ పాత బండ్లలో గేర్లకీ వెనక ఇరుసుకీ లిఫ్టుకీ నూనె ఒకటే. గేర్ రాడ్ కింది రబ్బరు చిరిగి, వానాకాలమంతా నీళ్లు దిగి నూనెతో కలిసిపోయాయి. నూనె మొత్తం దించి, లోపలి జాలీ బయటికి తీస్తే దాని కన్నాలన్నీ మడ్డితో పూడుకుపోయి ఉన్నాయి. కడిగి, కొత్త నూనె పోసి స్టార్ట్ చేశారు. మూలుగు పోయింది. చేతులు పూర్తిగా లేచాయి. లేచి తలూపడం మొదలెట్టాయి. కొంచెం కిందికి, మళ్లీ పైకి, మళ్లీ కిందికి. "చూశారా, ఎక్కడో కారుతోంది. కారినంత మేరా వాల్వు మళ్లీ నింపుతోంది" అని వాల్వులాయన మురిసిపోయాడు.

ఆ మురిపెంలోనే సీటెక్కాడు. లివర్ లాగితే ఈసారి అసలు లేవలేదు. నలుగురి మొహాలూ పాలిపోయాయి. మిస్త్రీ కూర్చున్నచోటి నుంచే "సాబ్, పావ్ ఉఠావ్" అన్నాడు. జాగ్రత్తపరుడు గనక వాల్వులాయన క్లచ్ అడుగుదాకా తొక్కిపట్టి కూర్చున్నాడు. ఈ తరహా బండ్లలో క్లచ్ మొత్తం తొక్కితే పంపే ఆగిపోతుంది.

జారుడు పట్టుకోవడానికి కొంత నూనె దించి పక్క మూత విప్పారు. ఎత్తిన చేతుల కింద క్వాలిటీ సార్ రెండు దుంగలు పెట్టించి, వాటి కిందికి ఎవరూ తలపెట్టొద్దని హుకుం జారీ చేశాడు. ఇంజన్ నడుస్తుండగా టార్చి వేసి చూస్తే పంపు నుంచి సిలిండర్‌కి నూనె మోసే నిలువు గొట్టం మొదట్లో సన్నటి ధార చిమ్ముతోంది. ఇంజన్ ఆపి గొట్టం పీకాక దాని ఓ-రింగు నా అరచేతిలో పెట్టారు. రబ్బరు అనడానికి లేదు. ఒకపక్క చప్పగా అణిగిపోయింది, గోటితో మీటితే టక్‌మంది, వంచబోతే రెండు ముక్కలైంది.

ఆ రబ్బరు ముక్క ఖరీదు రాణీగంజ్‌లో రెండు చాయ్‌ల డబ్బు. అయినా స్టోర్సు సార్ మూడు కొటేషన్లు లేనిదే ఒప్పుకోలేదు. బస్సులు మారుతూ దుకాణం దుకాణం తిరిగి, కొలత నూలు తేడా లేకుండా తెచ్చాడు. కొనుగోలులో రూపాయి మిగిల్చాడు. ఆయన తిరిగొచ్చేదాకా క్వాలిటీ సార్ పాత కథ ఒకటి చెప్పాడు. అబ్దుల్ కలాం ఇక్కడ ఉన్న రోజుల్లో, అగ్ని కోసం చేసిన తేలికపాటి పదార్థంతోనే నిమ్స్ ఆసుపత్రిలోని పోలియో పిల్లలకి కాళ్లకి కట్టే మూడు కిలోల కాలిపర్స్ బదులు 300 గ్రాములవి చేసిచ్చారట. "మన పరిజ్ఞానం మామూలు మనిషికి ఇలాగే పనికి రావాలి" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. మిస్త్రీ ట్రాక్టర్‌ని కిందినుంచి పైదాకా చూసి, "ఇస్కా వజన్ కమ్ నై హోతా సాబ్" అన్నాడు.

రింగులు రెండు కొసలా మార్చారు. కల్టివేటర్ తగిలించి, దాని మీద ఇసుక బస్తాలు కట్టి ఎత్తారు. తలూపలేదు. ఇంజన్ ఆపి, నేల నుంచి కల్టివేటర్ దాకా స్కేలు పెట్టి కొలిచి రాసుకున్నారు. చాయ్ తాగి మళ్లీ కొలిచారు. అంకె మారలేదు. నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆ సంబరాన్ని ఇంటికెళ్లి చెప్పుకోవడానికి ఇన్నేళ్లలో మొదటిసారి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

కల్వకుర్తి రైతు వచ్చాడు. లిఫ్టు ఎత్తి చూపించాం, ఆపి చూపించాం, క్వాలిటీ సార్ కాగితం చదివి వినిపించాడు. రైతు కాగితం వంక, వరసగా కుర్చీల్లో కూర్చున్న నలుగురి వంక చూసి నన్ను పక్కకి పిలిచాడు. "ఐదు వేలు తగ్గించుండ్రి సార్. గింతమంది పెద్ద సార్లు కూసొని బాగు చేసిన్రంటే దీంట్ల మీరు చెప్పని రోగం ఇంకేదో ఉన్నట్టే."

ఈ మాట కుర్చీలదాకా వినిపించింది. సమాధానం చెప్పడానికి నలుగురూ ఒకేసారి గొంతు సవరించుకున్నారు. నేను వెంటనే ఐదు వేలు తగ్గించేశాను. వాళ్లు మొదలుపెట్టారంటే ఆ రైతు కల్వకుర్తి చేరేసరికి దుక్కులు దున్నే అదును దాటిపోతుంది.