గ్రూపులో పెట్టాం, చూసుకోండి

కొత్తగా కాలేజీలో చేరి, వయసు ముప్పై దాటకుండా, చేతిలో కాస్త మంచి ఫోను ఉంటే చాలు, సోషల్ మీడియా ఇన్‌ఛార్జి పదవి మీ టేబుల్ దగ్గరికే నడిచొస్తుంది. హెచ్‌ఓడీ గారు టీ తాగుతూ అడుగుతారు: "ఏమయ్యా, నీకు ఇన్‌స్టా అవీ వచ్చుగా?" రాదన్నా వచ్చినట్టే రాసుకుంటారు. దీనికి విడిగా జీతం ఉండదు, క్లాసులు తగ్గవు. పాస్‌వర్డు మాత్రం ఇస్తారు. అయితే ఓటీపీ, ఈ పని మీకు ముందు చేసి మానేసినాయన ఫోనుకు పోతుంది. కాబట్టి మొదటి వారమంతా ఆయన్ని బతిమాలుకోవడంతో సరిపోతుంది. ఆయన విసుక్కోకుండా ఆరంకెలూ చెబితే అదృష్టవంతులు.

ఆరేళ్లు ఈ పని చేసినవాణ్ణి, నాలుగు మాటలు చెబుతాను.

ఈ పదవిని తేలిగ్గా తీసుకోకండి. 2019 జూలైలో అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ ఉన్నత విద్యాసంస్థలన్నిటికీ ఓ లేఖ రాసింది. ప్రతి సంస్థా ఒక ‘సోషల్ మీడియా ఛాంపియన్’ను పెట్టుకోవాలి, ఫేస్‌బుక్, ట్విట్టర్, ఇన్‌స్టాగ్రాముల్లో ఖాతాలు తెరవాలి, విద్యార్థుల ఖాతాలను వాటికీ శాఖ ఖాతాలకూ కలపాలి, వారానికి కనీసం ఒక మంచి కబురు పెట్టాలి అని. పిల్లల ఖాతాలతో మీకేం పని అని గోల లేచాక, అబ్బే, ఇది ఇష్టమున్నవాళ్లకే అని సర్దిచెప్పారు. లేఖ సంగతి అందరూ మరిచిపోయారు గానీ అందులోని ఆఖరి ముక్కను మాత్రం కాలేజీలు గుండెల్లో పెట్టుకున్నాయి. మంచి కబురు. ఈ రెండు మాటలూ గోడకు అతికించుకోండి.

ముందుగా వాట్సాప్ గ్రూపు. పేరు చివర ‘అఫీషియల్’ అని ఉండాలి. మీరు అఫీషియల్ అన్న సాయంత్రానికల్లా పిల్లలు ‘సార్లు లేనిది’ అని ఇంకోటి పెట్టుకుంటారు. కంగారు పడకండి, కాలేజీ నడిచేది దాని మీదే. ఏ సారు సెలవు, ఏ ల్యాబ్ రద్దయింది, మిడ్ పేపర్లో ఏ యూనిట్ ఎక్కువొస్తుంది, అన్నీ అక్కడే తేలతాయి. మన గ్రూపు తెలియజేయడానికి కాదు, తెలియజేశామని చూపించడానికి. ఈ తేడా మీకు ఎంత త్వరగా తలకెక్కితే అంత త్వరగా పైకొస్తారు.

వాట్సాప్ వాళ్లు 2018 మధ్యలో అధ్యాపక లోకానికి ఓ మహోపకారం చేశారు. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా ఓ మీట పెట్టారు. అంతకుముందు మనం ఫీజు నోటీసు పెడితే కింద నూటముప్పై "ఓకే సార్"లు, ఒక గుడ్ మార్నింగ్ గులాబీ, ఒక "సార్ ఆఖరి తేదీ పెంచండి సార్" వచ్చిపడేవి. ఆ మీట నొక్కాక గ్రూపు గుడిలా ప్రశాంతం. అడిగేవాడు లేనప్పుడు చెప్పింది అర్థమైందా లేదా అన్న సమస్యే రాదు. 2022లో గ్రూపు సభ్యుల పరిమితి 256 నుంచి 512కు, మళ్లీ అదే ఏడాది 1024కు పెరిగింది. అంటే మాట్లాడకుండా కూర్చోబెట్టగల పిల్లల సంఖ్య నాలుగింతలైందన్నమాట.

మీట నొక్కినా ఒకరిద్దరు మీ సొంత నంబరుకు వస్తారు. భయపడొద్దు. నాకు ఓ సెకండియర్ కుర్రాడితో జరిగిన సంభాషణ యథాతథంగా ఇస్తున్నాను, నమూనాగా వాడుకోండి.

"సార్, ల్యాబ్ ఎగ్జామ్ రేపా ఎల్లుండా సార్?"

"గ్రూపులో పెట్టాం, చూసుకో."

"గ్రూపులో రెండూ ఉన్నాయి సార్."

"అయితే రెండ్రోజులూ రా."

నోటీసు ఎప్పుడు పెట్టాలన్నది ఒక కళ. పరీక్ష ఫీజు కట్టడానికి రేపే ఆఖరి రోజనుకోండి, ఇవాళ రాత్రి పదకొండు నలభైకి పెట్టాలి. పన్నెండు దాటితే తేదీ మారిపోతుంది, మన నిజాయితీ మీద మచ్చ పడుతుంది. సాయంత్రం నాలుగింటికి పెడితే పిల్లలు ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చి నిలబడతారు, అది ఇంకా ప్రమాదం. పదకొండు నలభై అయితే సగం మంది నిద్రలో ఉంటారు, మిగతా సగం మేలుకొని మన గ్రూపును మ్యూట్‌లో పెట్టి ఉంటారు. పొద్దున అడిగితే "నిన్ననే పెట్టాంగా" అనొచ్చు. ఆ ‘నిన్న’లో ఎంత బలముందో అనుభవం మీద తెలుస్తుంది.

నోటీసును ఎట్టి పరిస్థితుల్లోనూ మాటల్లో టైపు చేయకండి. ముందు కంప్యూటర్లో కొట్టండి, ప్రింటు తీయండి, ప్రిన్సిపాల్ గారి సంతకం, ఆకుపచ్చ సిరాలో, దాని మీద గుండ్రటి ముద్ర వేయించండి, మళ్లీ ఫోనుతో ఫొటో తీసి పీడీఎఫ్ చేయండి. ముద్ర సరిగ్గా తేదీ మీద పడాలి. మా ఆఫీసులో తిరిగే పాత నోటీసు ఒకదాని అడుగున ఇప్పటికీ క్యామ్‌స్కానర్ ముద్ర ఉంది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో కలిపి నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఒకటి. దేశం ఆపేసింది గానీ మా గుమాస్తాగారు ఆ కాగితం మీదే తేదీలు మార్చి, మళ్లీ మళ్లీ ఫొటో తీస్తూ వచ్చారు. ప్రతి ఏడాదీ అక్షరాలు కాస్త మసకబారుతున్నాయి. ఈసారి చదవాలంటే శాసన పరిశోధకులెవరినైనా పిలిపించాలి.

భాష గురించి ఒక ముక్క. "ఆల్ ది స్టూడెంట్స్ ఆర్ హియర్‌బై ఇన్ఫార్మ్‌డ్" అని మొదలుపెట్టి, "ఫెయిలింగ్ విచ్" దగ్గర భయపెట్టి, ఆఖర్న "స్ట్రిక్ట్ యాక్షన్ విల్ బి టేకెన్" అని ముగించాలి. మధ్యలో ఏం చెప్పినా ఫరవాలేదు. రక్తదాన శిబిరానికి పిలుపైనా సరే ఈ వరసే. మొత్తం క్యాపిటల్ లెటర్లలో ఉంటే చదివేవాడికి మన గొంతు వినిపిస్తుంది.

ఇన్‌స్టా సంగతి వేరు. అక్కడ గొంతు మార్చాలి. ఒక్క మాటలో చెప్పాలంటే ఇన్‌స్టాలో పెళ్లిచూపుల భాష, వాట్సాప్‌లో కాపురం భాష. ఇన్‌స్టాలో మన కాలేజీ ఇంకా చేరని పిల్లలతో మాట్లాడుతుంది: రా నాన్నా, చూడు మా పచ్చిక, చూడు మా ఫౌంటెన్, డ్రోన్ ఎక్కి చూడు మా బ్లాకులు. చేరినవాడితో వాట్సాప్‌లో మాట్లాడుతుంది: హాజరు 75 శాతం లేదు, 65కు పైనుంటే కండొనేషన్ కట్టు, కిందికి పోతే డిటెయిన్. ఆ ఫౌంటెన్ నీళ్లు చిమ్మేది డ్రోన్ ఎగిరిన రోజునే అన్న సంగతి చేరాక కుర్రాడికి ఎలాగూ తెలుస్తుంది.

ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల రోజులు వచ్చాయంటే మీకు నిద్ర ఉండదు. కన్వీనర్ కోటాలో 70 శాతం సీట్లు నిండాలి, మిగతా 30 శాతానికి తల్లిదండ్రులు ఫోన్లు చేయాలి. ప్లేస్‌మెంట్ పోస్టర్లు రోజుకు మూడు. ఒకే అమ్మాయికి మూడు కంపెనీల్లో వస్తే మూడు పోస్టర్లు, మూడు రంగుల చున్నీలతో. ప్యాకేజీ అంకె పెద్దగా, అది ఎంతమందికి వచ్చిందన్న అంకె చిన్నగా, వీలైతే అసలు లేకుండా. కింద ఎవరో సీనియర్ "హాస్టల్ సాంబార్ గురించి కూడా పెట్టండి సార్" అని కామెంట్ రాస్తాడు. వెంటనే కామెంట్లు ఆపేయండి. ఆ తర్వాత కాలేజీ పేరుతో ఎవరో నడిపే మీమ్స్ పేజీలోకి వెళ్లి చూడండి, ఆ సాంబార్ ఫొటో అప్పటికే అక్కడుంటుంది. ఆ పేజీని మీరు ఓ దొంగ ఖాతాతో ఫాలో అవండి. మా స్టాఫ్‌రూంలో తొమ్మిదిమందికి ఆ దొంగ ఖాతాలున్నాయి. ఒకరికొకరం తెలియనట్టే ఉంటాం.

పోస్టర్ల దగ్గర కాస్త ఆగుదాం. అసలు విద్య ఇక్కడే ఉంది. క్యాలెండర్లో ప్రతి దినానికీ ఒక పోస్టర్ పడాలి: జూన్ 21 యోగా, సెప్టెంబరు 5 గురుపూజ, సెప్టెంబరు 15 ఇంజినీర్స్ డే. పోస్టర్‌లో ఛైర్మన్ గారి ఫొటో అందరికన్నా పెద్దది, పక్కన సెక్రటరీ, కింద డైరెక్టర్, ఇంకాస్త కింద ప్రిన్సిపాల్. ఆ రోజు ఎవరిదో వారి ఫొటో మిగిలిన జాగాలో. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. జనం మాట్లాడే భాషే బడిలోకి రావాలని జీవితమంతా పోరాడిన మనిషి. ఆయన పోస్టర్ మీద రాత మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. ఒక ఏడాది నేను మొండికేసి తెలుగులో చేయించాను. డిజైన్ చేసే కుర్రాడి సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు నిలవలేదు. ‘శుభాకాంక్‌షలు’ అని వచ్చింది. క కింద ఒదిగి కూర్చోవాల్సిన ష, పక్కకొచ్చి సభలో కుర్చీ దొరకనివాడిలా నిలబడింది, క నెత్తిన పొల్లు. సరిచేయమంటే గూగుల్‌లోంచి తెచ్చి అతికించాడు, ఈసారి సున్న ఎగిరిపోయింది. పైగా గిడుగు గారి చోట గురజాడ ఫొటో పడింది. ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్లే కదా, ఏమీ అనుకోరని సర్దుకున్నాం. ఛైర్మన్ గారి నుంచి మాత్రం ఫోనొచ్చింది. తప్పు పట్టుకున్నారేమో అనుకున్నాను. ఆయన ఫొటో కాస్త నల్లగా వచ్చిందట.

వానాకాలానికి ప్రత్యేక జాగ్రత్త కావాలి. 2023 జూలై వానలకు తెలంగాణలో సెలవులు మంత్రిగారి ట్వీట్‌లో వచ్చాయి. అప్పటినుంచి చినుకు పడితే పిల్లలు ఆకాశం వంక కాదు, కలెక్టర్ ఖాతా వంక చూస్తారు. పోయినేడాది సర్క్యులర్‌కు తేదీ మార్చి తిప్పే ఘనుడు ప్రతి సెక్షన్‌కూ ఒకడుంటాడు. మీరు మాత్రం నోరు మెదపొద్దు. కాలేజీ బస్సు ఆరు నలభై అయిదుకే బయల్దేరుతుంది కాబట్టి, సెలవు నోటీసు ఎనిమిదిన్నరకు పెట్టండి. అప్పటికి పిల్లలు గేటు దగ్గర తడుస్తూ ఉంటారు. ఆ తడిసిన గుంపును ఒక ఫొటో తీయండి, వానలోనూ తగ్గని చదువు ఉత్సాహం అని ఇన్‌స్టాలో పెట్టండి. మంచి కబురు ఆ వారానికి అయిపోయింది.

ఫొటో అంటే గుర్తొచ్చింది. న్యాక్ తనిఖీ ఉందంటే ప్రతి కార్యక్రమానికీ అక్షాంశ రేఖాంశాలు అచ్చైన ఫొటో కావాలి. అందుకోసం ఓ యాప్ ఉంది, కింద పటం ముక్క, తేదీ, సమయం పడతాయి. సదస్సుకు పద్నాలుగు మందే వచ్చారా? ముందు రెండు వరసల్లో కూర్చోబెట్టి, మీరు నేల మీద మోకాళ్లూని కిందనుంచి తీయండి. ఖాళీ కుర్చీలు ఫ్రేములోకి రావు. అక్షాంశం ఎలాగూ అబద్ధం చెప్పదు. నిరుడు మేం ఇలా తీస్తుంటే వెనక బెంచీ అమ్మాయి ఒకతె నన్ను, నా మోకాళ్లను కలిపి వీడియో తీసింది. మీమ్స్ పేజీలో దానికొచ్చిన లైకులు మా కాలేజీ పేజీకి ఏడాది మొత్తం రాలేదు.

హాజరు తక్కువైనవాళ్ల జాబితా గ్రూపులో పెట్టేటప్పుడు పేరు, హాల్‌టికెట్ నంబరు, శాతం, తండ్రి ఫోను నంబరు అన్నీ ఒకే పట్టికలో ఉంచుతారు, పని తేలికని. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చిందనీ, పద్దెనిమిది నిండనివాళ్ల విషయంలో అది మరీ గట్టిదనీ, మన ఫస్టియర్ పిల్లల్లో చాలామందికి పదిహేడేననీ నేను ఒకసారి మీటింగులో అన్నాను. "మంచి పాయింటు, దాని మీద ఓ అవగాహన సదస్సు పెట్టు" అన్నారు. పెట్టాను. పద్నాలుగు మంది వచ్చారు.

నీలం టిక్కుల మీద నమ్మకం పెట్టుకోవద్దు. గ్రూపుల్లో వాటిని ఆపే వీలు లేదు నిజమే, కానీ పిల్లలు గ్రూపు తెరవరు, పైనుంచి జారే నోటిఫికేషన్‌లో మొదటి రెండు వరసలు చదివి పక్కకు తోసేస్తారు. మొదటి రెండు వరసల్లో మనం రాసేది కాలేజీ పేరు, అటానమస్ హోదా.

తప్పుడు తేదీ పెట్టి ‘అందరికీ తొలగించు’ కొడితే సరిపోతుందనుకోకండి. మీరు తొలగించేలోపు స్క్రీన్‌షాట్ ‘సార్లు లేనిది’లో ఉంటుంది. మా హెచ్‌ఓడీ గారు ఓసారి ఇంట్లో సరుకుల జాబితా పొరపాటున థర్డ్ ఇయర్ గ్రూపులో పెట్టారు: కందిపప్పు రెండు కిలోలు, ఇంగువ, దోసకాయలు పచ్చివి చూసి తీసుకోవాలి. ఆరేళ్లలో మా గ్రూపులో అందరికీ స్పష్టంగా అర్థమైన సందేశం అదొక్కటే. ఆ బ్యాచ్ వాళ్లు ఫేర్‌వెల్ రోజున ఆయనకు ఇంగువ డబ్బా బహూకరించారు.

మాకూ ఒక గ్రూపుంది, ఫ్యాకల్టీ అఫీషియల్. నిన్న రాత్రి పదకొండు నలభైకి ఫోను మోగితే, రెండు నెలలుగా ఆగిన జీతం కబురేమో అని లేచి కళ్లజోడు పెట్టుకున్నాను. ఫౌంటెన్ మీద కొత్త రీల్. అందరూ లైక్ చేసి, షేర్ చేసి, స్క్రీన్‌షాట్ ఈ గ్రూపులోనే పెట్టాలట, ఫెయిలింగ్ విచ్. జీతం సంగతి అడుగుదామని కింద వేలు పెట్టాను. అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలరు అని ఉంది. లైక్ కొట్టి పడుకున్నాను.