పూలకుండీల ధన్వంతరి

బందరు రోడ్డున కంకిపాడు దాటిపోవు బాటసారికి పచ్చని వరిచేలు కానవచ్చును గాని, ఆ ఊరి డాబాల పిట్టగోడలపైనను కిటికీ ఊచల వెనుకను కడియం నర్సరీలనుండి దిగుమతియైన జేడ్, కలబంద, రణపాల మొక్కలకు సొంత వైద్యుడొకడు కలడని తెలియరాదు. ఉద్యోగవిరమణానంతరము భార్యయు పుత్రులును తన సలహా చెవినిబెట్టని కారణమున, ఎదురుచెప్పనేరని మొక్కల ఆరోగ్యభారమును నెత్తికెత్తుకొన్న ఇట్టి మహానుభావుడు వీథికొక్కడైనను ఉండక మానడు.

ఆయనకు పిలుపుతో పనిలేదు. సరిగా కాఫీవేళకు గేటు తీసుకొని వచ్చి, జేబులోని భూతద్దము తీసి, జేడ్ కొమ్మకును ఆకుకును నడిమి సందున దూదిపింజవలె అంటియున్న తెల్లని నలుసును పరికించి, సుదీర్ఘముగా నిట్టూర్చును.

"అమ్మాయీ, పిండినల్లి!"

"ఏదో బూజనుకున్నానండీ, బాబాయిగారూ."

"బూజు కాదమ్మా, మైనం. ఒంటినిండా అది పూసుకు కూర్చుంటుంది, ఉత్త నీళ్లు చల్లితే దానికేం అంటుతుంది? రసం పీల్చి తేనెబంక కారుస్తుంది. ఆ తీపికి చీమలు మూగి దానికే కాపలా కాస్తాయి. బంక మీద మసి పడుతుంది."

ఆయన చెప్పు చికిత్సలో దోషము లేదు. పుల్లకు చుట్టిన దూదిని స్పిరిట్టులో ముంచి పురుగు పురుగునకు తాకించుట, లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనెయు కాసింత సబ్బునీరును కలిపి మొదట ఒక్క ఆకుపై పరీక్షించి పిమ్మట ఎండ తగ్గిన వేళ చల్లుట, ఒక్కొక్క తల్లి పురుగు వందలకొలది గ్రుడ్లు పెట్టును గావున వారమువారము మరల చేయుట, అకారణముగా వడలిన మొక్కను పెకలించి వేళ్ల నడుమ వెదకుట, ఇవన్నియు శాస్త్రసమ్మతములే. పిండినల్లిని భక్షించు క్రిప్టోలీమస్ అను అక్షింతల పురుగు 1898లో ఆస్ట్రేలియానుండి మనదేశమునకు వచ్చినదనియు, దాని పిల్లపురుగు సైతము అచ్చముగా పిండినల్లివలెనే తెల్లని మైనపు పోగులు ధరించి తిరుగుననియు ఆయన సవిస్తరముగా బోధించును. బోధించుచునే, ఎదురుగా ప్రాకుచున్న ఆ మిత్రునికి గూడ స్పిరిట్టు తగిలించి పరలోకమునకు పంపును.

అంతటితో పోయిన బాగుండును. రోగిని తడిమిన వ్రేళ్లతోనే ప్రక్కయింటి మొక్కను తడుముట, ఆ యింటి రణపాల ఆకు త్రుంచి ఈ యింటికి కానుకగా తెచ్చుట ఆయనకు నిత్యకృత్యములు. కంటికానని పిండినల్లి పిల్లలు చేతులనంటి, చొక్కా ముంజేతులనంటి, కానుకల మాటున దాగి, గడపగడపకును ఆయన వెంటనే ప్రయాణము చేయును. వీథిలో ఆయన నడచిన వరుసలోనే తెగులు నడచుట చూచి, "చెప్పానా, ఊరంతా పాకుతోందని!" అని ఆయనయే మొదట విచారించును. స్వగృహమున మాత్రము ఒక్క కుండీయైన లేదు, ఇల్లాలు పెట్టనీయదు.

కావున గృహిణులకు మనవి: బాబాయిగారు చెప్పిన మందు తప్పక వాడుడు, ఇచ్చిన కొమ్మను కొన్ని వారములు వేరుగా నుంచుడు, కాఫీకి ముందు ఆయన చేతులకు సబ్బు నీయుడు.